అరమండి వచ్చు కదా అనుకున్నా, బార్ దగ్గర మోకాలు ఏడుస్తోంది

గోదారి_పిల్ల
ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నదాన్ని. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం అంటూ పదిహేనేళ్లు గజ్జె ముట్టలేదు. ఇప్పుడు 38. మూడు నెలల కిందట ఇక్కడ న్యూజెర్సీలో పెద్దవాళ్ల బిగినర్ బ్యాలే క్లాసులో చేరాను. వారానికి ఒక్క గంట. బ్యాలేలో పట్టుకుని సాధన చేసే అడ్డకమ్మీని బార్ అంటారు. మిగతా రోజుల్లో దాని బదులు వంటగది గట్టు పట్టుకుని ఇంట్లోనే బార్ సాధన. అరమండిలో, అంటే మోకాళ్లు బయటికి తిప్పి సగం కూర్చుని, పెరిగిన కాళ్లు. ప్లియే అంటే బ్యాలేలో మోకాళ్లు వంచడమేగా, అదొక లెక్కా అనుకున్నా. ఇప్పుడు మెట్లు దిగుతుంటే కుడి మోకాలు లోపలి వైపు పొడుస్తోంది. టీచరేమో నా పక్కనుంచి వెళ్తూ "పాదాలు లోపలికి వాలుతున్నాయి" అని ముందుకెళ్లిపోతుంది. వాలకుండా ఎలా ఆపాలో చెప్పదు. పదిహేను మందిమి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. అద్దంలో చూసుకుంటే మడమలు కలిపి, వేళ్లు చెరోవైపు తిప్పిన నా పాదాలు స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద ఉన్నాయి, పక్కా 180 డిగ్రీలు. మరి తప్పెక్కడ?

బఠాణీ
అది తర్వాత. ఇంట్లో "బార్‌కి వెళ్లొస్తా" అని చెప్తే ఎలా తీసుకుంటున్నారు?

గోదారి_పిల్ల
మా అత్తగారు మొదటిసారి విని ఫోన్ పెట్టేశారు.

మోకాలిచిప్ప
ఫిజియోథెరపీ నా వృత్తి. మనిషిని చూడకుండా రోగం చెప్పను. వాపు ఉన్నా, నొప్పి రెండు వారాలు దాటినా దగ్గర్లో ఎవరికైనా చూపించుకోండి. కానీ మీ పోస్టు ఆఖర్లో గర్వంగా చెప్పిన ఆ 180 ఉంది చూశారూ, నాకు దానిమీదే అనుమానం.

కాలు బయటికి తిరగాల్సింది తుంటి దగ్గర. అది గిన్నెలో బంతి లాంటి కీలు, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు తలుపు బందు లాంటిది. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, అంతకుమించి మెలితిప్పితే ఊరుకోదు. ఇప్పుడు మీరేం చేస్తున్నారో చెప్తా, అవునో కాదో చూసుకోండి. ముందు మోకాళ్లు కొంచెం వంచుతారు, పాదాల్ని అడ్డంగా పెట్టేస్తారు, తర్వాత మోకాళ్లు నిటారు చేస్తారు. పాదం నేలని పట్టుకుని 90 దగ్గర ఆగుతుంది. తొడ ఎముక మాత్రం ఏ 50 దగ్గరో ఆగిపోతుంది. మధ్యలో ఆ 40 ఎవరు మోయాలి? మోకాలు, చీలమండ. అందుకే అరికాలి గుంట నేలకి కుంగిపోతుంది. టీచరు "వాలుతోంది" అంటున్నది దాన్నే.

గోదారి_పిల్ల
వంచి, పెట్టి, నిటారు చేసి... అచ్చం ఇదే. మా వంటగదిలో కెమెరా ఏమైనా పెట్టారా అండీ?

నిద్రలేని_కోడర్
@గోదారి_పిల్ల నేను బెంగళూరులో ఏడాదిన్నరగా నేర్చుకుంటున్నా. అబ్బాయినే, ఆశ్చర్యపోకండి. మొదటి ఆర్నెల్లు నాదీ ఇదే కథ. మా టీచరు చేయించిన పరీక్ష చెప్తా. నున్నటి టైల్స్ మీద సాక్సులు వేసుకుని, రెండు చేతులూ గట్టు మీద పెట్టి, పాదాలు ఎదురుగా సమాంతరంగా ఉంచి మడమలు కలపండి. మోకాళ్లు వంచకుండా, తొడల్ని మాత్రమే బయటికి తిప్పండి. సాక్సు జారుతుంది కాబట్టి పాదం నేలని పట్టుకుని మోసం చేయలేదు. ఎక్కడ ఆగితే అదే మీ అసలు టర్నౌట్, అంటే కాళ్లు బయటికి తిరిగే కోణం. నాకు ఎక్కడ ఆగిందో తెలుసా? గడియారం పదీ పది చూపిస్తే ముళ్లు ఎలా ఉంటాయి, అంతే. ఆ రోజు మగాడినై ఉండి ఏడుపొచ్చింది.

ఆ సాక్సులు పరీక్షకి మాత్రమే. సాధన సాక్సులతో చేస్తే పళ్లు రాలతాయి.

పద్ధతి_ముఖ్యం
ఇలా సాక్సులు, పదీ పది అంటూ కూర్చుంటే కాళ్లు ఎప్పటికి తెరుచుకుంటాయి? చిన్నప్పుడు మమ్మల్ని మండిలో కూర్చోబెట్టి పావుగంట లేవనిచ్చేవారు కాదు. తొడలు మండి ఏడ్చేవాళ్లం. ఏడిస్తేనే వచ్చింది. నొప్పి లేకుండా నాట్యం రాదు.

మోకాలిచిప్ప
తొడ కండరం మండటం వేరు, కీలు పొడవటం వేరు. మొదటిది రేపటికి పోతుంది. రెండోది నా క్లినిక్‌కి వస్తుంది. ఇంకో మాట, తుంటి గిన్నె ఏ వైపుకి తిరిగి ఉందో, తొడ ఎముక మెడ ఎంత కోణంలో ఉందో మనిషికీ మనిషికీ తేడా. కండరాన్ని సాగదీయొచ్చు, ఎముకని కాదు. ఎముకకి ఎముక తగిలాక పావుగంట కూర్చున్నా గంట కూర్చున్నా అంతే.

పద్ధతి_ముఖ్యం
మరి ఆ రష్యా పిల్లలకి ఎలా వస్తోంది?

మోకాలిచిప్ప
తీసుకునేటప్పుడే తుంటి చూసి తీసుకుంటారు కాబట్టి.

మంచులో_మెడికో
రష్యా మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయా. ఇక్కడ మెడిసిన్ చదువుతున్నా, బ్యాలేకీ నాకూ ఆమడ దూరం. సెలవుల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లినప్పుడు వాగనోవా అకాడమీ అనే బ్యాలే బడి ఉన్న వీధి చూశా. వీధి 220 మీటర్ల పొడవు, వెడల్పు 22, రెండు వైపులా భవనాల ఎత్తూ 22. బడి 1738లో పెట్టారట. గేటు బయట పదేళ్ల పిల్లలు జుట్టు ముడేసుకుని, వీపు నిటారుగా, బ్యాగులు మోసుకుంటూ పోతున్నారు. నేను తెలియకుండానే గూని సరిచేసుకున్నా.

సరళరేఖ
వాగనోవా పద్ధతిలో మొదటి ఏడాది పిల్లలు బార్‌కి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ దానిమీద పెట్టి మొదలుపెడతారు. పక్కకి తిరిగి ఒక్క చేత్తో పట్టుకోవడం తర్వాత. అంత ఏరుకుని తీసుకున్న పిల్లలకే అంత నిదానం. మన పెద్దవాళ్ల క్లాసుల్లో మాత్రం మొదటి రోజే ఒక చేయి బార్ మీద, ఇంకో చేయి గాల్లో, తల ఓ పక్కకి! ఎవరికి కుదురుతుంది? @గోదారి_పిల్ల గారూ, ఇంట్లో చేసేటప్పుడు ఓ నెల గట్టుకి ఎదురుగానే నిలబడండి.

గోదారి_పిల్ల
ఎదురుగా నిలబడితే గట్టు కింద కప్‌బోర్డుకి మోకాలు కొట్టుకుంటోంది.

సరళరేఖ
అంటే మరీ దగ్గరగా ఉన్నారు. చేతులు భుజాల వెడల్పున ఆనించి, మోచేతులు కాస్త వంగి కిందికి జారేలా అడుగు వెనక్కి జరగండి. మోచేతులు పక్షి రెక్కల్లా లేచినా దగ్గరే, పూర్తిగా చాచుకుపోయినా దూరమే.

హైదరాబాదీ_హల్వా
గట్టున్న వాళ్లు అదృష్టవంతులు. మాది అద్దె ఇల్లు, కిటికీ ఊచలు పట్టుకుని చేస్తున్నా 😅

నిద్రలేని_కోడర్
ఊచలు వద్దు బ్రో. నిలువు కమ్మీ కదా, పిడికిలి బిగుసుకుంటుంది. పిడికిలి బిగిస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే ఒళ్లంతా ఆ చేతికి వేలాడుతుంది. బస్సులో రాడ్ పట్టుకున్నట్టే. బార్ మీద చేయి ఊరికే పెట్టాలి, పియానో మీద పెట్టినట్టు, మన శరీరానికి కొంచెం ముందుగా. పాఠం మధ్యలో ఒక్కసారి చేయి తీసేసి చూడు. ఒరిగిపోయావంటే అప్పటిదాకా నువ్వు చేసింది బ్యాలే కాదు, వేలాడటం.

హైదరాబాదీ_హల్వా
ఇప్పుడే తీసి చూశా. సోఫాలో పడ్డా. థ్యాంక్స్.

విశాఖ_అల
కుర్చీ వీపు పట్టుకునేవాళ్లు జాగ్రత్త. ప్లాస్టిక్ కుర్చీ అసలే వద్దు. నేను ఓ రోజు ఏమీ దొరక్క ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుని గ్రాన్ బాత్‌మాన్ వేశా. కాలు పైకి, తలుపు బయటికి, పెరుగు గిన్నె నేల మీదికి. మా అమ్మ ఇప్పటికీ ఆ అడుగు పేరు "పెరుగు తన్ను" అనే అంటుంది.

బఠాణీ
పెరుగు తన్ను 😂😂 వాగనోవా వాళ్లకి పంపండి.

కృష్ణాతీరం_గజ్జె
గోదారి_పిల్ల మొదటి పోస్టుకి వస్తాను. ఇరవై ఏళ్లుగా కూచిపూడి చెప్తున్నా, మా అమ్మాయి బ్యాలే నేర్చుకుంటోంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దొరికింది. అరమండి అలవాటున్న వాళ్లు ప్లియేలో తప్పు చేసేది ఒక్క చోట. మనం మండిలోకి వెళ్లి అక్కడే కాపురం పెడతాం. జతి అంతా ఆ ఎత్తులోనే, తల పైకీ కిందికీ ఊగకూడదు. ప్లియేకి అడుగున నిలకడ లేదు. దిగడం, ఎక్కడం ఒకే ఊపిరి. నాలుగు లెక్కలు దిగితే నాలుగో లెక్క దగ్గర ఆగి కూర్చోకూడదు, అక్కడికి చేరీ చేరకముందే పైకి ప్రయాణం మొదలవ్వాలి. మా అమ్మాయి మొదట్లో దిగి ధబ్బున ఆగేది, లేవడానికి మోకాళ్లతో తోసుకునేది. మీకు నొప్పి అక్కడి నుంచి కూడా వస్తుండొచ్చు.

ఇంకోటి, మనకి కాలు తడితే నేల పలకాలి. బ్యాలే చెప్పులో పాదం నేల మీద రాసుకుంటూ పోతుంది, చప్పుడు రాకూడదు. మనకి బరువు కిందికి, వాళ్లకి పైకి. తలమీద బిందె పెట్టుకుని బిందెని పైకి నెడుతూనే మోకాళ్లు వంచినట్టు ఊహించుకోమనండి, మా అమ్మాయికి అది పనిచేసింది.

@పద్ధతి_ముఖ్యం గారూ, పావుగంట మండి నేనూ కూర్చున్నాను. నా మోకాళ్ల కథ ఇక్కడ రాయను. నా దగ్గర పిల్లల్ని అలా కూర్చోబెట్టను.

గోదారి_పిల్ల
బిందె అనగానే అర్థమైంది మేడం. నేను నిజంగానే అడుగున కూర్చుంటున్నా. ఎంత లోతు వెళ్తే అంత గొప్ప అనుకుంటూ.

మోకాలిచిప్ప
దెమీ ప్లియేలో, అంటే సగమే వంగేదాంట్లో, లోతు మీరు తేల్చేది కాదు, మడమ తేలుస్తుంది. మడమ లేవబోతోంది అనిపించిన చోటే ఆగాలి. పిక్క బిగుతుగా ఉన్నవాళ్లకి అది నాలుగు అంగుళాలే కావచ్చు. మోకాలిచిప్ప బొటనవేలి పక్క వేలి మీదికి రావాలి. కిందికి చూసినప్పుడు మోకాలికి లోపలి వైపు బొటనవేలు మొత్తం కనిపిస్తోందా? మోకాలు బయటికే ఉంది, బాగు. మోకాలు బొటనవేలిని దాటి లోపలికి వస్తోందా? ఆపేయండి, పాదాల కోణం తగ్గించండి. చూడటానికి మెడ వంచితే అంతా వంకరైపోతుంది కాబట్టి ఫోన్లో వీడియో తీసుకుని తర్వాత చూసుకోండి.

గ్రాన్ ప్లియే, అంటే పూర్తిగా అడుగుదాకా దిగేది, కొన్నాళ్లు మానేయండి. మళ్లీ మొదలెట్టినప్పుడు రెండో పొజిషన్‌లో ముందు చేయండి. అందులో పాదాలు దూరంగా ఉంటాయి, మడమలు నేల వదలవు. పాదాలు దగ్గరగా ఆనుకుని ఉండే మొదటి, ఐదో పొజిషన్లలో అడుగుకి వెళ్లాలంటే మడమలు లేవక తప్పదు. అక్కడ మోకాలి మీద భారం ఎక్కువ.

సిగ్గుపడే_సీతాకోక
అందరూ ప్లియే ప్లియే అంటున్నారు, నాకు టెండూ దగ్గరే ఆగిపోయింది. పాదం బయటికి పంపగానే వేళ్లు ముడుచుకుపోయి పిక్క పట్టేస్తోంది 😭

బఠాణీ
టెండూనా తాందూనా? మా ఆవిడ "ఇవాళ తాందూ చేశా" అంటే చికెన్ ఎక్కడ అని అడిగి దెబ్బలు తిన్నా.

సరళరేఖ
ఫ్రెంచి వాళ్లు తాందూ అంటారు, అమెరికాలో టాండూ. అర్థం "చాచినది". చాచడం కాలు పని, వేళ్లు గోళ్లతో నేలని గీరడం కాదు. @సిగ్గుపడే_సీతాకోక పాదాన్ని ఒక్కసారిగా బయటికి విసురుతున్నట్టున్నావ్. మూడు మజిలీలుగా చెయ్యి. మొదట పాదం మొత్తం నేలకి రాసుకుంటూ జరుగుతుంది. తర్వాత మడమ లేచి వేళ్ల మొదళ్లు మాత్రం ఆనుతాయి. ఆఖర్న వేళ్లు పొడుగ్గా చాచుకుని కొస మాత్రం నేలకి తాకుతుంది, దానిమీద బరువు చిటికెడు కూడా ఉండకూడదు. తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి, తిరగేసి. అందరూ ఎగ్గొట్టేది తిరుగు దారిలో ఆ మధ్య మజిలీనే, నాతో సహా. నాలుగు లెక్కలు వెళ్లడం, నాలుగు లెక్కలు రావడం. పిక్క పట్టేసిందంటే వేళ్లు ముడుస్తున్నావనే.

ముందుకి పంపితే మడమ దారి చూపిస్తుంది, వచ్చేటప్పుడు వేళ్లు. వెనక్కి పంపితే వేళ్లు ముందు, వచ్చేటప్పుడు మడమ. ఇది పట్టుబడితే టర్నౌట్ దానంతట అదే నిలబడుతుంది.

సిగ్గుపడే_సీతాకోక
అక్కా, ముడుస్తున్నానో చాస్తున్నానో చెప్పులో కనపడదు కదా

సరళరేఖ
ఒట్టి పాదంతో చేసి చూడు. గోళ్లు నీ వైపు కనిపిస్తే చాచినట్టు, వేళ్ల కణుపులు తెల్లబడి గుట్టలా లేస్తే ముడిచినట్టు.

నిద్రలేని_కోడర్
నాకు వచ్చిన తికమక చెప్తా. యూట్యూబ్‌లో ఒకావిడ దెగాజే అంటుంది, ఇంకొకావిడ గ్లిసే, రష్యా టీచరు జెతే. మూడు వేర్వేరు పాఠాలనుకుని మూడు వారాలు వెతికా. తీరా చూస్తే తాందూకే ఇంకాస్త విసురు తగిలించి పాదం నేల నుంచి కొంచెం లేపడం, అంతే. ఒకటే కూర, మూడు ఊళ్లలో మూడు పేర్లు.

సరళరేఖ
గ్లిసే లండన్ పేరు, 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ వాళ్లది. వేర్వేరు పద్ధతులవి చూసి కలిపేసుకోకండి, చేతుల లెక్కలు కూడా కలవవు. ఒకళ్లని పట్టుకుని ఏడాది ఉండండి.

టెక్సాస్_తాత
నాదో సందేహం. మా మనవరాలికి ఏడేళ్లు, క్లాసులో చేరి ఏడాది. గట్టి ముక్కున్న శాటిన్ చెప్పులు కొనమని రోజూ పేచీ. కొనేదా?

కృష్ణాతీరం_గజ్జె
వద్దు బాబాయ్ గారూ. పాయింట్ చెప్పులవి. ఎముకలు ఇంకా గట్టిపడని వయసు. మామూలుగా పదకొండు పన్నెండేళ్లు వచ్చి, అప్పటికి కొన్నేళ్లు బాగా సాధన ఉండి, టీచరు చీలమండ బలం చూసి సరే అంటేనే. ప్రస్తుతానికి మెత్తటి చెప్పులకే శాటిన్ రిబ్బను కుట్టివ్వండి, సంతోషిస్తుంది.

టెక్సాస్_తాత
రిబ్బను ఐడియా పనిచేస్తుంది. పొద్దున్న దుకాణానికి పోతా.

విశాఖ_అల
రెలెవే గురించి ఎవరూ అనలేదు. మునివేళ్ల మీద లేచినప్పుడు నా చీలమండలు చిటికెన వేలు వైపు పడిపోయేవి, ఓసారి బెణికింది కూడా. మడమల మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని, పాదాలు సమాంతరంగా ఉంచి లేవమన్నారు. బంతి జారిపోకుండా లేచి, జారిపోకుండా దిగాలి. బరువు బొటనవేలు, పక్క వేలు మొదళ్ల మీద. పదిసార్లు చాలు, పిక్కలు కాగిపోతాయి. బంతి కోసం మా తమ్ముడితో గొడవ, అది వేరే విషయం.

పద్ధతి_ముఖ్యం
ఇంత సైన్సు లేకుండానే తరతరాలు ఆడారు. ఇంతకీ మన నాట్యం ఉండగా ఇదెందుకు అనేదే నా బాధ.

గోదారి_పిల్ల
చిన్నప్పుడు నేను ఎంచుకోలేదు గురువుగారూ, అమ్మ చేర్పించింది. ఇది నేను ఎంచుకున్నది. అయినా మీ మండి వల్లే లెక్క తప్పకుండా చేస్తున్నా. మూడు లెక్కల వాల్ట్జ్ వాయిస్తుంటే నా నోట్లో "తకిట తకిట" నడుస్తూ ఉంటుంది.

పద్ధతి_ముఖ్యం
సరే, తిశ్రం మర్చిపోలేదు. సంతోషం.

మోకాలిచిప్ప
మర్చిపోయిన ముక్క ఒకటి. టర్నౌట్ అనగానే పిరుదులు రెండూ బిగించేస్తారు, నడుం కిందిభాగం ముందుకి మడిచేస్తారు. అలా బిగిస్తే తొడ తిరగదు, ఇరుక్కుంటుంది. తిప్పే కండరాలు లోపల చిన్నవి, ఆరు ఉంటాయి, పిరుదు కింద లోతుగా. పక్కకి పడుకుని, మోకాళ్లు వంచి, పాదాలు కలిపి ఉంచి పైమోకాలు మాత్రం చిప్పలా తెరవండి. నడుం వెనక్కి దొర్లకూడదు. పదిహేనుసార్లు చేశాక ఎక్కడ అలిసిందో అదే ఆ కండరాల చిరునామా. బార్ దగ్గర దాన్నే పిలవాలి.

గోదారి_పిల్ల
మూడు వారాల తర్వాత వచ్చా. సాక్సుల పరీక్షలో నాదీ పదీ పదే, కుడికాలు ఇంకా తక్కువ, పదీ తొమ్మిది అనుకోండి. కోణం తగ్గించేశా. క్లాసులో పక్కనున్న పద్దెనిమిదేళ్ల పిల్ల పాదాలు అడ్డంగా ఉంటే నావి చీపురు పుల్లల్లా ముందుకి చూస్తున్నాయి, సిగ్గేసింది. గ్రాన్ ప్లియే మానేశా. రోజూ ఇరవై నిమిషాలు, గట్టుకి ఎదురుగా, ప్లియే, తాందూ, బంతితో రెలెవే. అంతకుమించి లేదు. ఫిజియోకి కూడా చూపించుకున్నా, చిరుగు ఏమీ లేదన్నారు. మెట్ల మీద పొడుపు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

నిన్న టీచరు పక్కనుంచి వెళ్తూ ఆగింది. ఏమీ అనలేదు. నా చేయి బార్ మీంచి లేపి చూసింది, నేను పడలేదు. ముందుకెళ్లిపోయింది.

ఇప్పుడు కొత్త సమస్య. ఎడమకాలి మీద నిలబడి కుడికాలు తాందూకి పంపితే ఎడమ తుంటి పక్కకి ఒరిగి కూర్చుంటోంది, చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.

కృష్ణాతీరం_గజ్జె
నిజంగా ఇద్దరు పిల్లల్ని ఆ తుంటి మీదే మోశారు కదమ్మా, అది మర్చిపోలేదు. కుడికాలు కదిలే ముందే ఎడమకాలి మీద పొడుగ్గా లేవండి, తర్వాత పంపండి. వీడియో పెట్టండి, చూస్తా.

బఠాణీ
వీడియోలో ఫ్రిజ్ కనపడకుండా చూసుకోండి.